పద్దెనిమిదోసారి

హెడర్ ఫైల్ ఉన్నది.
ఫోల్డర్ తెరిచి వేలు పెట్టి చూపిస్తున్న, ఇగో, ఉన్నది.
కంపైలర్ మాత్రం దొరకలేదంటది.
పద్దెనిమిదోసారి, అదే ఎర్రగీత.

నక్కలగుట్టల, జిరాక్సు షాపు మీది గది.
కొత్తవాడ జంపఖానాల సొసైటీకి యాప్.
ఎవరో ఎక్కడో రాసిన చెల్లింపుల ఫ్రేమ్‌వర్క్
తెచ్చి నా కోడ్‌కు అతుకు వేస్తున్న.
పాత బిల్డంత ఊడ్చి పారేసిన.
మూసిన, తెరిచిన, ల్యాప్‌టాప్‌ను తిట్టిన.
చాయ మీద మీగడ కట్టింది.

గుమాస్తా ఆడెపు కనకలింగం ఫోన్:
"ఏమాయె బిడ్డా, ఐతారం దాకనే అంటివి?"
ఆయన వెనుక మగ్గం చప్పుడు ఆగింది.
"పోగు తెగినట్టున్నది" ఎవరిదో గొంతు.
"తెగలే. పన్నెల పక్క సందుల దూరింది, సరిగ సూడు."

ఫోన్ చెవికి పెట్టుకునే
వెతికే దారుల జాబితా తెరిచిన.
ఫ్రేమ్‌వర్కును పెట్టింది కొత్త ఫోల్డర్ల,
వెతకమని పంపుతున్నది
నిరుడు నేనే చెరిపేసిన ఫోల్డర్‌కు.
పాపం, లేని ఇంటి తలుపు కొట్టి కొట్టి
వచ్చి నిజమే చెప్పింది పద్దెనిమిదిసార్లు.

దారి మార్చిన. గీత పోయింది.
"అయ్యిందే కాకా!" అని అరిచిన.
అటు మగ్గం మళ్ల మొదలైంది.
ఇటు, రెండో హెడర్ దొరకలేదట.