గాజు మెడ

రాత్రి రెండూ పదికి కరెంటు పోయింది.
రాయగడలో అది వార్త కాదు.
జనరేటరు దగ్గి దగ్గి అందుకునేలోపు
ఏసీ చల్లదనం గోడలు తాగేశాయి.
మిషను మాత్రం బ్యాటరీ మీద
నిద్ర పట్టని ముసలాడిలా కూర్చుంది.

ఎనిమిది గంటలకోసారి దాన్ని నిలదీయాలి.
రోగి నెత్తురు ముట్టుకోకముందే
జవాబు మనకి తెలిసిన నీళ్ళు పోసి అడగాలి:
ఇందులో పులుపెంత? ఊపిరెంత?
మూడు రంగుల ఆంప్యూళ్ళు,
విశాఖ నుంచి థర్మోకోల్ పెట్టెలో, ప్యాసింజరు బండిలో,
ఎండుచేపల గంప పక్కన కూర్చుని వచ్చినవి.
ఎరుపు ఆమ్లానికి, పసుపు మామూలుకి,
నీలం, మరీ గబగబా ఊపిరి తీసినవాళ్ళకి.

ఎరుపు పెట్టాను.
పీహెచ్ కుదిరింది.
ఆక్సిజన్ చుక్క జారింది,
రెండో గీత దాటి, మూడో గీత అంచుకి.

సరిగ్గా అప్పుడే ఫోను.
జ్యోత్స్నామయి సిస్టరు, పసిపిల్లల వార్డు నుంచి,
ఒడియాలో మొదలెట్టి కంగారులో మన మాటలోకి జారి,
"గుంట నీలంగా అయిపోనాదే గున్నమ్మా,
శాంపిలు పంపుతున్నాను, బేగి, బేగి!"

బేగంటే ఎంత బేగి?
నాకు ముందు ఈ కుర్చీలో గౌరునాయుడు గారు.
ఆయన చార్టులో చుక్కలన్నీ
ఆరు నెలల పాటు ఒకే గీత మీద, చీమల బారు.
తనిఖీకొచ్చినాయన మెచ్చుకోలేదు.
"మీ మిషనుకి ఎండా చలీ తెలీవేటి బాబూ?" అన్నాడు.
అంతే అన్నాడు.
ఆ పేజీ చింపలేదెవరూ. ఇప్పటికీ ఉంది.

సిరంజి వచ్చింది.
లేబులు మీద: సింగారి కడ్రకా బిడ్డ.
తన పేరింకా లేదు, తల్లి పేరు ఎరువు తెచ్చుకుంది.
బుడగ లేదు. గడ్డ లేదు.
అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ
కవ్వం ఆపి
నా చేతులు చూసుకున్నాను.

చీకట్లో, కింద పడి పగులుతుందేమోనని
ఆ ఆంప్యూల్‌ని పిడికిట్లో బిగించి కూర్చున్నాను,
జనరేటరు వచ్చేదాకా.
ఒంటివేడి తగిలితే ఆ నీళ్ళలో ఊపిరి నిలవదు.
ఇది నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా.

ఇంకో ఎరుపు తీశాను.
కొన దగ్గరా అడుగునా రెండు వేళ్ళతో మాత్రమే పట్టి
పది లెక్కపెడుతూ ఊపి,
నురుగు తేరేదాకా ఆగి
(ఆగడం, ఆ పూట, చేతులతో చేసిన పనన్నింటిలో కష్టం)
గాజు మెడ విరిచి, నిమిషం దాటకుండా అందించాను.

చుక్క లోపలికొచ్చింది.
నడిమి గీత మీద కాదు, దానికి కొంచెం కింద,
వణుకుతూ, నమ్మదగినట్టు.

నాలుగు నిమిషాలు పోయాయి.
రైల్వే గేటు దగ్గర నాలుగు నిమిషాలకి ఎవరూ తిట్టరు.

ఏడు పాయింటు సున్నా ఎనిమిది.
ఫోనులో రెండుసార్లు చదివాను,
సిస్టరు తిరిగి చదివింది,
పెట్టేసింది.

తప్పిన చుక్కని చెరపలేదు.
చుట్టూ ఎర్రసున్నా చుట్టి
కారణం గడిలో రాశాను: పిడికిలి వేడి.
ఆ గుంట ఏమైందో రాసే గడి
ఈ రిజిస్టరులో లేదు.

తెల్లారి డ్యూటీకొచ్చిన సుకాంతి బిడికా
సంచి దించకుండానే పేజీ తిప్పి
"ఇదేంటక్కా?" అంది.
చెయ్యి చాపి చూపించాను.
తర్వాత పసుపు ఆంప్యూల్ అందించి,
ఇలా, మెడ దగ్గర, అన్నాను.
నీ వేడి దానికి తెలియకూడదు.