చిల్లు

బ్రాడీపేట నాలుగో లైనులో
కాంపౌండరు యోహానుగారు పోయిన నెలకి
వాళ్ళమ్మాయి కబురు పెట్టింది.
"మిగతావన్నీ ఎవరికో ఇచ్చేశానండీ,
ఇదొక్కటీ మీకివ్వమని రాసిపెట్టాడు నాన్న."

హోమియో మాత్రల డబ్బాలో ఒక కవరు.
కవరులో ఇంకో కవరు.
దాని లోపల పొట్లం,
పొట్లం లోపల సీసం బిళ్ళ.
కంటికి చిన్నది, అరచేతికి బరువు.

ఒక పక్క ఏనుగు. ఎత్తిన తొండం
పద్దెనిమిది వందల ఏళ్ళుగా దించలేదు.
రెండో పక్క నాలుగు సున్నాలు,
వాటిని కలుపుతూ కూడిక గుర్తు.
ఏనుగు చుట్టూ అంచు వెంట రాజుగారి పేరు ఉండాలి.
ఉండాల్సిన చోట, కాళ్ళ కింద, చిల్లు.
మిగిలినవి రెండక్షరాలే: సిరి.

పై కవరు యోహానుగారిది.
మందు చీటీలు రాసిన చెయ్యి,
కొమ్ములన్నీ కుడికి వాలి ఉన్నాయి.
"కొన్నది 1974. బెజవాడ, పెరీరా గార్డు దగ్గర.
పన్నెండు రూపాయలు. చిల్లు ఉన్నందున
మూడు తగ్గించాడు. మంచివాడు."

లోపలి కవరు రైల్వేవారిది.
పెరీరాకి తెలుగు మాట వచ్చు, రాత రాదు.
వ్యాగన్ నంబర్లు రాసినట్టు
ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసుకున్నాడు:
పానకాలు, పట్నంబజారు, 1951.
ఆ కింద చిల్లు గురించి ఒక ముక్క, దాని కింద రెండు గీతలు.
మూలన టీ మరక.
తెనాలిలోనో బాపట్లలోనో
సిగ్నల్ పడని ఏ రాత్రిదో.

పొట్లం కాగితం
పానకాలుగారి చిట్టాలోంచి చించింది.
ఇత్తడి కొట్టు. పాత సామాన్లు తూకానికి కొని
కలాయి మొహిద్దీన్‌కి అమ్మినట్టు జమ.
ఆ రోజు ఒక వీశె సీసం బిళ్ళలు వచ్చాయట.
ఒక్కటి తీసి, మిగతావి కరిగించుకోమన్నాడట.
ఆ ఒక్కటీ ఎందుకు తీశాడో లెక్కలో లేదు.
పక్కన మాత్రం, వేరే సిరాతో:
"ఏనుగు బాగుంది."

ముప్ఫై ఏళ్ళు మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
ఏ టిక్కీ ఏ ఊరి చేనుదో,
ఎన్ని చేతులు మారి వచ్చిందో
చీటీ చూసి చెప్పేవాణ్ణి.
చీటీ పోతే సరుకు దిక్కులేనిదే.
అందుకే భూతద్దం పెట్టుకుని కూచున్నాను.
పానకాలుకి ముందు ఎవరు?
ఏ దిబ్బలో దొరికింది? ఎవరి నాగలికి తగిలింది?
ఊరు లేదు. తేదీ లేదు.
చివరి మడత విప్పితే
పెన్సిలుతో, చెరిగిపోతూ, ఒక్క మాట:
వలగుండ్లు.

చాలాసేపు లేవలేదు కుర్చీలోంచి.

ఈ చిల్లుకి మూడు రూపాయలు కోసుకున్నాం,
కింద గీతలు గీసుకున్నాం,
అయ్యో పాడైపోయిందే అని
నేనూ ఇందాకే నాలిక చప్పరించాను.
ఇప్పుడు చూస్తే దాని అంచు
ఒక వైపుకే అరిగి ఉంది, నున్నగా,
తాడు లాగిన వైపుకి.

వైకుంఠపురం రేవులోనో, సీతానగరం దిగువనో
ఎవడో ఒకడు కృష్ణ ఒడ్డున గొంతుక్కూచుని
మేకు పెట్టి, రాయితో ఒక్క దెబ్బ.
రాజు పేరు మీద పడిందని వాడికేం తెలుసు?
వాడిక్కావలసింది బరువు.
వల అంచున నలభై ఏనుగుల్ని కట్టి
పొద్దున్నే నీళ్ళలోకి విసిరేవాడు.
జెల్లలూ బొచ్చెలూ ఎగిరిపడుతుంటే
సాయంత్రం బయటికి లాగేవాడు.
రాజుగారి బొక్కసంలోనూ, మా డబ్బాల్లోనూ
ఊరికే కూర్చుంది ఈ నాణెం.

కొత్త కవరు తీశాను. నా వంతు.
పేరు రాశాను, తేదీ వేశాను.
యోహానుగారి అమ్మాయి ఇచ్చింది. ధర లేదు.
లోపం అన్న చోట ఏం రాయాలో తోచక
కలం మూత పెట్టేశాను.

మా ఆవిడ కాఫీ తెచ్చి,
"దండలో గుచ్చుకునేదా?" అంది.
ఆమె కుట్టుపెట్టెలోంచే దారం అడిగి
చిల్లులోకి ఎక్కించి పట్టుకున్నాను.
గిర్రున తిరిగి, నెమ్మదించి, ఆగింది.
ఏనుగు తలకిందులుగా వేలాడుతోంది.
నీళ్ళలోకి ఇలాగే దిగేది కాబోలు,
తొండం ముందుగా.