టిక్కు

మా ఇంటికి నూట పన్నెండు మెట్లు.
విద్యాధరపురం కొండమీద
ఎనభై ఆరో మెట్టు దాకా వచ్చి
మునిసిపాలిటీ కుళాయి ఆగిపోతుంది.
దానికీ ఆయాసమే.
కింద కృష్ణ మాత్రం
పిలవని పెళ్లి భోజనంలా
నిండుగా కనబడుతూనే ఉంటుంది.

ఇరవై లీటర్ల టిన్ను
కింద కొట్లో ఇరవై రూపాయలు,
మా గడపలో నలభై.
ఆ రెండో ఇరవై ఏసోబు భుజానిది.

టిన్నెత్తి డిస్పెన్సర్ మీద బోర్లించడం ఒక విద్య.
మెడ పట్టుకుని, ఊపిరి బిగబట్టి
ఒక్క తిప్పు.
గ్లాసెడు నేలపాలు కాకుండా
ధనకోటి ఏనాడూ బోర్లించలేదు.
నేనూ అంతే, కాకపోతే
నేను తుడిచేవాణ్ణి కాదు.

పోయినేడు ఆమె నడుం పట్టేసింది.
షాపు వెనక తుక్కులోంచి
వాషింగ్ మెషీను వాల్వొకటి ఏరుకొచ్చి
రెండ్రోజులు సోడానీళ్లలో నానబెట్టాను.
ఇరవయ్యేళ్లు బట్టలకి నీళ్లు పట్టించినవాణ్ణి
మనుషులకి పట్టించలేనా?

నీళ్లెక్కడివంటారా,
మా కప్పుకన్నా ఎత్తున
సువార్తమ్మగారి రేకులు.
వాటి మీద పడ్డ వానంతా
మా వంటగోడ మీదికే దూకేది.
తొమ్మిదేళ్లు పోట్లాడుకున్నాం.
ఒకసారి పోలీస్ స్టేషను దాకా కూడా.
ఇప్పుడా ధార కింద
అయిదొందల లీటర్ల నల్లట్యాంకు.
పోట్లాడిన నీళ్లే,
తేటపడ్డాయి.

తొలివానని బయటికి కక్కించే గొట్టం,
ఇసుక, బొగ్గు, తెల్ల క్యాండిలు,
చిటికెనవేలంత సన్నపైపు,
డిస్పెన్సర్ పొట్టలో నిమ్మకాయంత బెండు.
నీళ్లు దిగితే బెండు దిగుతుంది,
బెండు దిగితే
టిక్కు.
పైనున్న వాన
చెప్పులు విడిచి ఇంట్లోకొస్తుంది.

సువార్తమ్మగారు రేకుల మీద
మిరపకాయలు ఎండబోసి మర్చిపోయిన వారం
మంచినీళ్లు తాగి దగ్గాం.
కేకేస్తే ఆవిడ గోడ మీంచి తొంగిచూసి
"కారం ఎక్కువైందా?" అంది.
మొదటిసారి ఆవిడ నవ్వు చూశాను.
పైపళ్లు రెండు లేవు.

రెండు గ్లాసులకో టిక్కు.
టిన్నులున్న రోజుల్లో
ఎవరెంత తాగారో ఎవరికి తెలుసు?
ఇప్పుడు చీకట్లో పడుకునే
ధనకోటి ఇల్లంతా వింటుంది.
పదకొండుకొకటి, పిల్ల చదువుతోంది.
నాలుగున్నరకొకటి, తనే.
మధ్యలోవి లెక్కేసి లెక్కేసి
ఒక పొద్దున కాఫీ ఇవ్వకుండా నిలబడింది.
"రాత్రికి నాలుగు టిక్కులు నీవే.
నెల్లాళ్లుగా.
రక్తం చూపించుకో."

చూపించుకున్నాను.
మూడొందల పన్నెండు.
డాక్టరు అడిగాడు, ఎలా తెలిసిందని.
వాల్వు చెప్పిందన్నాను.
ఆయన రాసుకోలేదు.

మాఘమాసంలో ట్యాంకు అడుగంటింది.
బెండు దిగింది, టిక్కుమంది,
రాలేదు.
గొట్టంలో గాలి మాత్రం
ముసలాయన గొంతు సవరించుకున్నట్టు.
దానంతటదే నిండుతుందని మురిశాం గాని
ఆకాశానికి బెండు పెట్టలేదుగా ఎవరూ.
మళ్లీ టిన్ను, మళ్లీ ఏసోబు.
"నన్ను మానేశారనుకున్నా" అన్నాడు
భుజం మార్చుకుంటూ.
ఏం చెప్పాలో తోచలేదు.
నలభై ఇచ్చాను, చిల్లర లేకుండా.

తొలకరి పడ్డాక
అదే పైపుకి ఇంకో కొమ్మ తీసి
బయట మెట్ల వైపు
ఇత్తడి కుళాయి ఒకటి బిగించాను.

మొన్న మధ్యాహ్నం మూడింటికి
పిల్ల కాలేజీలో, ధనకోటి కునుకులో,
నేను మందుబిళ్ల వెతుక్కుంటుంటే
టిక్కు.
కిటికీలోంచి చూశాను.

పైవీధికి పోయే టిన్ను భుజం దింపకుండానే
ఏసోబు దోసిలి పట్టి తాగుతున్నాడు.
భుజం మీది నీళ్లు అమ్ముడుపోయినవి,
సీలు విప్పకూడదు.

లోపల బెండు లేచిందాకా
నేనూ కదల్లేదు.