కర్త లేని వాక్యం

కిట్వేలో ఈ రాత్రి కూడా కరెంటు లేదు.
సోలార్ దీపం కింద అరవై మూడు రిపోర్టులు,
పక్కన చల్లారిన టీ,
మూత పోయిన ఎర్ర పెన్ను.

రాగి గనుల్లో మూడు నెలలు పనిచేసొచ్చిన పిల్లలు
అందరూ ఒకే గొంతుతో రాస్తారు.
పంపు ఆపబడింది. నీటిమట్టం కొలవబడింది.
లోపము గమనించబడినది.
ఎవరాపారు, ఎవరు కొలిచారు, గమనించిన కళ్ళెవరివి?
ఈ కాగితాల్లో గనంతా దయ్యాలే నడుపుతున్నట్టుంది.

సెమిస్టరు మొదట్లో అడిగాను,
ఎందుకర్రా, మనుషుల్నెక్కడ దాచేశారు అని.
ముసోండా లేచి, "అలా రాస్తేనే
ఇంజనీరు రాసినట్టుంటుంది మేడమ్" అంది.
నవ్వాను. ఇరవై ఏళ్ళ కింద నేనూ
అలాగే రాసి డిస్టింక్షన్ తెచ్చుకున్నదాన్నే.
ఈ 'బడు'లన్నీ బడిలోనే కదా నేర్పాం.

ఓ మంగళవారం వాళ్ళు రాసిన కాగితం,
ఆగిన పంపుని మళ్ళీ నడిపించడానికి తొమ్మిది మెట్లు,
తీసుకెళ్ళి గేటు కాపలా సింకాలా చేతిలో పెట్టాను.
ఉన్నదున్నట్టు చెయ్యి, తోచింది చెయ్యొద్దన్నాను.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని
ఒక్కో మాటా పైకి చదివి ఒక్కో పనీ చేశాడు.
నాలుగో మెట్టు దగ్గర గొట్టం ఊడి
వర్క్‌షాపంతా నీళ్ళు, మా బూట్లనిండా నీళ్ళు.
"వాల్వు మూయమని ఐదో దాంట్లో ఉందమ్మా,
నేనింకా అక్కడికి రాలేదు"
అన్నాడాయన, తడిసిన కాగితం విదిలిస్తూ.
ఆ రోజు పాఠం చెప్పింది నేను కాదు.

ఇప్పుడు నలభై ఒకటో రిపోర్టు. లుబిండాది.
అక్షరాలు ఎడమకి వాలి ఉన్నాయి.
పోయినేడు కుడికి వాలేవి, నాకు గుర్తు,
గాలికి వంగిన మొక్కజొన్న వరసలా.
పదకొండో పేజీ, మూడో పేరా:
కన్వేయరు శుభ్రపరచు సమయమున
రక్షక కవచము తొలగించబడి ఉండుట వలన
రెండు వేళ్ళకు నష్టము వాటిల్లినది.
ఆ తర్వాతి వాక్యం
బేరింగుల ఉష్ణోగ్రత గురించి.

కర్త పారిపోయాడు.
క్రియ మొహం చాటేసింది.
మిగిలింది కర్మ ఒక్కటే,
వ్యాకరణంలో ఒక అర్థం, బతుకులో ఇంకోటి.

మార్జిన్‌లో రాశాను: ఎవరి వేళ్ళు?
కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

గురువారం దిద్దిన ప్రతి పట్టుకొచ్చాడు.
"నా వేళ్ళు. చూపుడు వేలు, మధ్య వేలు.
కవచం తీసింది నేను.
తియ్యమన్నది షిఫ్టు బాసు.
బెల్టు ఆపితే టన్నుల లెక్క తగ్గుతుందన్నాడు.
షిఫ్టు దిగడానికి ఇరవై నిమిషాలుంది.
ఆపే తాడు నాకు రెండు మీటర్ల అవతలుంది.
చెయ్యి చాపితే అందేలా ఉండాలి."

ఇన్నాళ్ళూ నేను అడిగిన వాక్యాలు ఇవే.
తీరా వచ్చాక నాకే భయమేసింది.
"ఇది కంపెనీకి వెళ్తే
నాకు అక్కడ ఉద్యోగం రాదు కదా మేడమ్?"
నా సిలబస్‌లో దీనికి జవాబు లేదు.
ఆ తోక వెనక పిరికివాళ్ళే ఉంటారనుకున్నాను,
తలదాచుకునే వాళ్ళూ ఉంటారని
పన్నెండేళ్ళు పాఠం చెప్పాక తెలిసింది.

సాయంత్రం దాకా కూర్చున్నాం.
బాసుని తీశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు.
నేను చెయ్యి అడ్డం పెట్టలేదు, సాయమూ పట్టలేదు.
వేళ్ళని ఉంచాడు. తాడుని ఉంచాడు.

'రెండు మీటర్లు' కింద గీత గీసి
అలవాటు కొద్దీ అడిగాను, కొలిచిందెవరు?
"నేనే. కట్టు విప్పకముందే వెళ్ళి,
ఎడమ చేత్తో టేపు పట్టుకుని."

అదీ రాయి, అన్నాను.