రాసింది ఇలా, చదివేది అలా

మేక బతికుండగా ఏ ఈగ కుట్టిందో,
తోలు సాగదీసేసరికి అక్కడ చిల్లు పడింది.
చిటికెనవేలి గోరంత.
మెవోరఖ్ దాన్ని పారెయ్యలేదు.
ఒక మేకకు రెండు ఠావులే వస్తాయి,
గ్రంథానికి రెండొందల మేకలు కావాలి,
తిబెరియలో చేపలు చవక గానీ మేకలు కావు.

సున్నపు నీళ్లలో తొమ్మిది రోజులు నాని,
వంకకత్తికి వెంట్రుకలన్నీ అప్పజెప్పి,
చట్రంలో బిగిసి ఎండిన తోలు
సరస్సు మీంచి గాలి వచ్చినప్పుడల్లా
డప్పులా సన్నగా మూలిగేది.
గిన్నెలో మసి, తుమ్మబంక, మాచికాయ కషాయం.

ఎదురుగా పాత ప్రతి.
దానికి ముందొకటి. దానికీ ముందింకొకటి.
ఇంకా వెనక్కి పోతే తోలు లేదు, నోరుంది:
మంద దగ్గర రాత్రి కాపలా కాసిన నోరు,
పాలిస్తూ తాతల పేర్లు వల్లించిన నోరు,
చెరపట్టుకుపోయిన దేశంలో, పరాయి నది ఒడ్డున
మరిచిపోతామేమోనని హడలిపోయి
"ఎవరైనా రాయండ్రా" అని అరిచిన ముసలి నోరు.
ఒకే వరదను ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు.
కుట్టినవాడు రెండింటినీ ఉంచాడు.
వెలుతురుకు పెట్టి చూస్తే అతుకు తెలుస్తుంది.

అచ్చులు లేని మాటలకు
కింద చుక్కలు, పైన చుక్కలు పెడుతున్నాడు మెవోరఖ్.
కూతురు మలాహ్ లెక్కపెడుతోంది.
వంద అక్షరాలకు ఒక శనగ గింజ గిన్నెలో.
తొమ్మిదేళ్లది. ఆకలేసి ఒక గింజ నోట్లో వేసుకుంటే
వంద అక్షరాలు గల్లంతు,
మళ్లీ మొదటికి.

"నాన్నా, ఈ మాట తప్పు."
"తప్పే."
"మరి దిద్దవూ?"
కలం సిరాలో ముంచి చాలాసేపు అలాగే ఉంచేశాడు.
"నా పని దించడం. దిద్దడం కాదు.
మా తాత కంటికీ ఇది తప్పే, ఆయన తాత కంటికీ తప్పే.
ఇంతమంది చూసి ఉంచిన తప్పుని
చెరపడానికి నేనెవణ్ణి?"
అంచున, చీమ తలకాయలంత అక్షరాల్లో రాశాడు:
రాసింది ఇలా. చదివేది అలా.

మన భాషలో అక్షరమంటే నశించనిది.
ఆ సంగతి వాళ్లకు తెలీదు.
అందుకే అంత భయం,
అందుకే అన్ని శనగలు.

అంతకు ఏడొందల ఏళ్ల ముందు
నైలు పక్కన ఒక ఊళ్లో, మొగుడు పోయిన తయేసిస్
వేరే ఉత్తరాలు దించింది, గ్రీకులో, జమ్ముకాగితం మీద.
చుట్ట చుట్టలేదు, మడతపెట్టింది.
రెండువైపులా రాయొచ్చు, ఖర్చు సగం,
సైనికులొస్తే పైటకింద ఇముడుతుంది.
ఏ ఉత్తరం ఉండాలో ఏది పోవాలో
పెద్దలు మూడు ఆదివారాలు తగువులాడారు.
ఆమెకిష్టమైనది పోయింది.
ఏమీ అనలేదు.
దాన్ని పిండిజిగురుతో పొరలుపొరలుగా అంటించి
పైన తోలు తొడిగి అట్ట చేసింది.
చదవనక్కర్లేదన్న మాటే
చదవాల్సిన మాటల్ని చెమ్మ తగలకుండా కాసింది.

మళ్లీ తిబెరియ. చిల్లున్న ఠావు వంతు.
మెవోరఖ్ వాక్యాన్ని నడిపించుకొచ్చి, చిల్లు దగ్గర ఆపి,
గుంతను చూసిన గాడిదలా పక్కనుంచి దాటించాడు.
కుట్టు పూర్తయ్యాక మలాహ్ పుట తెరిచింది.
ఆ చిల్లులోంచి
తర్వాతి ఠావులోని ఒక అక్షరం
ఈ వాక్యంలోకి తొంగిచూస్తోంది.
ఏ ప్రవక్తదో, ఏ రాజుగారి గుమాస్తాదో.
దీన్ని లెక్కలో వెయ్యాలా, వద్దా?
ఒక గింజ వేళ్ల మధ్య పట్టుకుని
నాన్న వైపు చూసింది.
కలం చెవిలో ఉండగానే నిద్రపోయాడు.

గింజ నోట్లో వేసుకుంది.