ఎండిన గడ్డి కనిపిస్తే

పసుప్పచ్చ రాయి ఒకటి
నా చీనీ తోటలో పాతినారు.
దాని మింద పుర్రె బొమ్మ, ఒక ఫోను నెంబరు.
రాయికీ రాయికీ నడుమ
పాపిట తీసినట్టు బోడి నేల.
చెట్టు నాటకూడదు, గుంత తీయకూడదు.
నడుము లోతున గ్యాసు పోతాంటుంది
యా ఊరికో, యా ఫ్యాక్టరీకో.
మా ఇంట్లో మటుకు సిలిండరే,
అదీ బుక్ చేసిన తొమ్మిదో దినానికి.
రాయి పాతినప్పుడు ఇచ్చిన దుడ్లు
మూడో బోరు మింగింది.

వన్నూరప్ప దినామూ ఆ రాళ్లెమ్మడే నడుస్తాడు.
నార్పల దావ కాడ మొదలుపెట్టి
వంక దాటి, గుట్ట మలుపు దాకా
ఎనిమిది కిలోమీటర్లు.
చేతిలో కట్టె, మెడలో చిన్న మిషను.
కంపెనీ ఇచ్చిన బూట్లు
కొడుకు కాలేజీకి ఏసుకొని పోతాండాడంట.

ఒకనాడు కాయితం ఇచ్చినాడు, చదువుకోప్పా అని.
'కారణం లేకుండా గడ్డి ఎండితే చెప్పండి.
నేలలోంచి దుమ్ము లేస్తే చెప్పండి.
బుస్సుమని చప్పుడొస్తే చెప్పండి.
వాసన రాకపోయినా లీకు కావచ్చు.'

నవ్వొచ్చింది నాకు.
వన్నూరప్పా,
మా కాడ గడ్డి ఎండనిదెప్పుడు?
నాలుగు బోర్లు ఏపిస్తే
నాలుగింట్లోనూ బుస్సుమని దుమ్మే కదా లేసింది.
యా ఎండుకు ఫోన్ చేయాల, చెప్పు?

వాడు నవ్వలేదు.
కట్టెతో నేల గీకినాడు కొంచేపు.
"అందుకే నడుస్తాండా.
యా గడ్డి నీళ్లు లేక ఎండిందో
యాది నీళ్లుండీ ఎండిందో
ఫోనుకు తెలీదు."

ఐదో బోరుకు
నీళ్లు చూసేటాయప్ప అరచేతిలో టెంకాయ పెట్టుకొని
తోటంతా తిరిగినాడు.
యాడా కదల్లేదు.
పసుప్పచ్చ రాయి పక్కన, ఆ పాపిట్లో,
టెంకాయ నిలువునా లేచి నిలబడింది.
ఈన్నే, అన్నాడు. రెండించీల నీళ్లు.

నూటపదహైదు చెట్లు
ఆకు ముడుచుకొని నా తట్టే చూస్తాండాయి.
రాత్రికి రిగ్గు పిలిపించినా.
పగలైతే వన్నూరప్ప వస్తాడని.

లైట్లు వేసినాక చూస్తే
టెంకాయ నిలిచిన సోటే
వన్నూరప్ప కూర్చోనుండాడు.
ఎవరు చెప్పినారో.
నా పెండ్లామే చెప్పిండాల.
అరవలేదు. కంపెనీ పేరెత్తలేదు, పోలీసు పేరెత్తలేదు.
"కింద నీళ్లుంటే ఉండచ్చు సుంకన్నా.
దానికంటే ముందుండేది తగిల్తే
ఈ రిగ్గు తమిళోళ్లు ఆరుమంది,
నువ్వు, నేను,
అదో, దీపం కనపడే మీ ఇల్లు."
అంటానే అలవాటుగా బీడీ తీసినాడు.
పెదాల దాకా పోయిన చెయ్యి ఆగింది.
మళ్లా జేబులో పెట్టుకున్నాడు.

మాటలకు కాలేదు నాకు,
ఆ బీడీకి భయమైంది.

రిగ్గు డెబ్బై అడుగులు అవతలికి జరిగింది.
ఆరునూర్ల నలభై అడుగులు దిగింది.
తెల్లారేసరికి చెట్లన్నీ
బూడిద పూసుకొని నిలబడినాయి.
వన్నూరప్ప ఆ దావనే వచ్చినాడు,
ఏం పడిందని అడగలేదు.

ఇప్పుడు పొద్దున్నే నేనూ
ఆ రాళ్లెమ్మడి ఒక సుట్టు తిరుగుతాండా.
ఒంగి గడ్డి ముట్టి చూస్తాండా.
ఈ ఎండు నాది.
ఇదీ నాదే.
ఇది...
ఊపిరి బిగబట్టి
వింటాండా.