నాలుక కింద కొండ

తుమ్మితే ఊడే ముక్కయితే
నాది ఈపాటికి
చిచిబు లోయలో, మూడో నంబరు బస్సు మెట్ల మీద
ఎవరికో దొరికి ఉండేది.

ఫిబ్రవరి చివర, మంచు పూర్తిగా కరగకముందే
కొండ ఒళ్ళు దులుపుకుంటుంది.
పసుపు పొగ.
కొత్తవాళ్ళు అడవి అంటుకుందని ఫైరింజనుకు ఫోన్ చేస్తారు.
నేను అద్దాలు మూస్తాను, మాస్కు బిగిస్తాను,
అయినా వంతెన దగ్గర మొదలు:
ఒకటి. రెండు. ఐదు. తొమ్మిది.
ఒక్క తుమ్మయితే ఎవరో మెచ్చుకుంటున్నట్టు,
రెండయితే తిడుతున్నట్టు మా వైపు.
తొమ్మిదింటికి ఏమిటో ఎవరూ చెప్పలేదు.
వెనక సీట్లో హత్సుయే అవ్వ మాత్రం
"ఊరంతా నీ మాటే అనుకుంటున్నారే పిల్లా" అంటుంది.

తుమ్మినప్పుడు కళ్ళు మూతపడతాయి.
నలభై కిలోమీటర్ల వేగంలో
రెప్పపాటంటే ఎన్ని అడుగులో
ఒకసారి లెక్క కట్టాను.
మళ్ళీ కట్టలేదు.

మొదటి మాత్ర ముక్కును ఆపింది, నన్నూ ఆపింది:
డిపోలో స్టీరింగు మీద తల వాల్చి
రెండింటి ట్రిప్పంతా నిద్రపోయాను.
తరవాతది నిద్ర రానిదన్నారు. నిజమే,
దిబ్బడ మాత్రం గడప దాటలేదు.
ఉప్పునీళ్ళు ఒక రంధ్రంలో పోస్తే ఇంకోదాంట్లోంచి వస్తాయి,
మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు.
స్ప్రే మంచిదే. కానీ పుప్పొడి రాలకముందే మొదలెట్టి
రోజూ కొట్టుకోవాలి,
నేనేమో ఇల్లు కాలాక బావి తవ్వే రకం.

డాక్టర్ నుకగా చీటీ మీద అర్ధచంద్రం గీసింది, నాలుకట.
దాని కింద చుక్క, మాత్రట.
"ఇందులో ఏముంది?"
"సుగి పుప్పొడే."
ముల్లును ముల్లుతో తీస్తారని విన్నాను గానీ
మూడేళ్ళపాటు రోజుకో ముల్లా?
"ఐదేళ్ళూ పట్టొచ్చు. అందరికీ పనిచేస్తుందని చెప్పను."
అలా అన్నందుకే ఒప్పుకున్నాను.

ఆ సుగి చెట్లు నాటింది మా తాత.
యుద్ధంలో కాలిన ఊళ్ళకి దూలాలు కావాలని
సర్కారు మొక్కలిస్తే
నడుముకి సంచి కట్టుకుని, వాలంతా వరసలు.
అవి ఎదిగేసరికి
ఓడల్లో చవక దూలాలు దిగాయి.
నరికేవాడు లేడు.
చివరి రోజుల్లో నేను తుమ్మితే
తనే ఏదో చేసినట్టు తల దించుకునేవాడు.

జూన్‌లో మొదలెట్టాను,
కొండ ఏమీ ఎరగనట్టు పచ్చగా ఉన్నప్పుడు.
పొద్దున ఐదుంపావు. నాలుక కింద మాత్ర.
నిమిషం పాటు మింగకూడదు.
కాస్త దురద.
వంటింటి కిటికీలోంచి తాత వాలు కనబడుతుంది.
అరవై సెకన్లు
ఒకరినొకరం చూసుకుంటాం.

ఇది రెండో వసంతం.
నిన్న వంతెన మీద నాలుగే.
హత్సుయే అవ్వ లెక్కపెట్టిన వేళ్ళు విప్పుకుంటూ,
కొంచెం నిరాశగా,
"ఊళ్ళో నిన్ను మరిచిపోతున్నారే" అంది.